ఒహాయో అత్తారింట్లో మొదటి డిసెంబర్

చిట్టీ,

నీ మెసేజ్ చదివాను. పది పన్నెండు రోజులు అత్తగారింట్లోనే ఉంటామనీ, క్రిస్మస్ అంటే తెలుసు గానీ ఆ ఫుట్‌బాల్ గోల ఏమీ తెలీదనీ, టెన్షన్‌గా ఉందనీ రాశావు. నాకైతే నువ్వు తెలీదంటున్న ఫుట్‌బాల్ కంటే తెలుసంటున్న క్రిస్మస్ గురించే ముందు చెప్పాలనిపిస్తోంది. కొలంబస్‌లో ఇన్నేళ్ళు నర్సుగా చేసి, మావాడికి ఇక్కడి పిల్లని చేసుకుని, వియ్యాలవారింట్లో పండగలు చేస్తున్నదాన్ని కాబట్టి రెండు వైపులా చూశాను.

గుంటూరులో మన పండగ ఎట్లా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకో. గుమ్మానికి నక్షత్రం కట్టిన రోజు నుంచీ ఇల్లు ఊరిదైపోతుంది. క్యారల్స్ వాళ్ళు అర్ధరాత్రి లేపుతారు, లేచి టీ పెట్టాలి. 25 పొద్దున్నే కొత్తబట్టలతో గుడికి వెళ్తే ఆరాధన అయ్యేసరికి పిల్లలు ఆకలికి వాడిపోతారు. మధ్యాహ్నం పలావు గిన్నెలు పక్కింటికీ ఎదురింటికీ వెళ్తాయి, వాళ్ళు కులమేదైనా మతమేదైనా సరే. ఆ రోజు తలుపు వేసే ఇల్లు ఉండదు.

ఒహాయోలో దీనికి తలకిందులు. 24 సాయంత్రం చర్చిలో కొవ్వొత్తుల ఆరాధన, గట్టిగా గంట. అంతే, 25న చాలా చర్చిలకు తాళమే. ఆ రోజు పండగంతా ఇంట్లోనే, తలుపులేసుకుని, మధ్యాహ్నం దాకా పైజామాల్లోనే. వీధిలో మనిషి కనపడడు, కొట్లు మూసేస్తారు, పిలవకుండా ఎవరూ ఎవరింటికీ రారు. పొద్దున్నే తలంటుకుని పట్టుచీర కట్టుకుని కిందికి దిగితే నువ్వొక్కదానివే పెళ్ళికి వచ్చినట్టుంటావు. ఆ ఇంటివాళ్ళందరికీ ఒకే రకం పైజామాలు కొనే అలవాటు ఉందేమో అల్లుణ్ణి అడుగు. ఉంటే నీకూ ఒకటి కొనే ఉంటుంది మీ అత్తగారు. అది వేసుకో. చీర 24 సాయంత్రం చర్చికి కట్టుకో, అక్కడ అందరూ కాస్త బాగా తయారయ్యే వస్తారు.

వాళ్ళు ఏడాదికి రెండుసార్లే చర్చికి వెళ్తారని మనసులో లెక్కలు కట్టొద్దు. మనవాళ్ళకి ఆ జబ్బు ఉంది. అన్నట్టు వాళ్ళది లూథరన్ కుటుంబమే అన్నావు కదా, భోజనాల దగ్గర ఒక మాట చెప్పు: 1842లో గుంటూరుకు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్‌ని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లే. అంటే వాళ్ళ పక్క రాష్ట్రం వాళ్ళే. నువ్వు ఎక్కణ్ణుంచో వచ్చి వాళ్ళ పండగ నేర్చుకుంటున్న కొత్తపిల్లవి కాదని వాళ్ళకీ తెలియాలి, నీకూ గుర్తుండాలి.

గిఫ్టుల సంగతి కొంచెం జాగ్రత్త. మన దగ్గర ఎవరైనా ఏదైనా ఇస్తే వాళ్ళ ముందు విప్పం, విప్పితే ఆశపోతులమని అనుకుంటారని. అక్కడ ఇచ్చినవాళ్ళ ఎదురుగా విప్పకపోతేనే నచ్చలేదనుకుంటారు. చెట్టు కింద ఉన్నవాటిని ఎవరో ఒకరు, ఎక్కువగా చిన్నపిల్లలు, ఒక్కొక్కటే తెచ్చి ఇస్తారు. ఒకరు విప్పుతుంటే మిగతావాళ్ళు చూస్తారు. చూసి ఊరుకోవడం కాదు, ఇది నాకు ఇందుకు పనికొస్తుందని ఒక మాట అనాలి. ఎవరికేం కావాలో ముందే లిస్టు అడగడం అక్కడ తప్పు కాదు, మర్యాద. ఎంతలో కొనాలో కూడా అడిగెయ్. మీ అమ్మ బంగారం పంపిస్తానంటోంది, వద్దని చెప్పాను. వాళ్ళు 30 డాలర్ల స్వెటర్ ఇచ్చి నువ్వు గొలుసు ఇస్తే ఆ స్వెటర్ ఇచ్చినావిడ ఎక్కడ తలెత్తుకుంటుంది? ఏది కొన్నా గిఫ్ట్ రసీదు అడిగి పెట్టెలో వెయ్యి. నచ్చకపోతే వాళ్ళే మార్చుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకోటి, పిలుపులు. వాళ్ళు పేరు పెట్టి పిలవమంటారు. మన నోటికి అది రాదు, నాకు తెలుసు. అట్లాగని పేరూ పిలవక, ఇంకేమీ అనక, ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడకు. చాలామంది మన పిల్లలు ఏళ్ళ తరబడి ఇదే చేస్తారు. మొదటి రోజే పేరు పెట్టి పిలిచెయ్, ఆ ఒక్కసారి ఇబ్బందే.

ఇక ఫుట్‌బాల్. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్.

ముందు ఒక సంగతి. అది వాళ్ళకి టీవీ కార్యక్రమం కాదు. ఆ ఇంట్లో అదీ పండగలో ఒక ఆనవాయితీయే. చెట్టు పెట్టడం, కుకీలు చెయ్యడం ఎట్లాగో ఇదీ అట్లాగే. ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు టీవీ ఏంటని విసుక్కుంటే మన పండగలో గుడి ఎందుకని అడిగినట్టే. ఇంకో తిరకాసు ఉంది, మీ మామగారి జట్టు ఒహాయో స్టేట్ యూనివర్సిటీది, వాళ్ళు ఆడేది కాలేజీ ఫుట్‌బాల్, సాధారణంగా శనివారాలు. ఆదివారాలు ఆడేది ప్రొఫెషనల్స్. ఈ రెండూ కలిపి మాట్లాడకు. మీ మామగారి ప్రాణం శనివారంలో ఉంది.

ఆ ఇంట్లో డిసెంబర్ ఎట్లా గడుస్తుందో నవంబర్ ఆఖరి శనివారమే తేలిపోతుంది. థాంక్స్‌గివింగ్ అయిన రెండో రోజు పక్క రాష్ట్రం మిషిగన్ యూనివర్సిటీ జట్టుతో ఆడతారు. ఈ రెండు జట్లూ 1897 నుంచి ఆడుతున్నాయి. అంతకుముందే 1835లో టొలీడో ఊరు ఎవరిదని ఒహాయో, మిషిగన్ రెండూ సైన్యాలు వెంటేసుకుని తగువుకు దిగాయి, కాబట్టి ఇది పాత పగే. ఆ వారం యూనివర్సిటీలో బోర్డుల మీద ఎమ్ అనే అక్షరం కనిపిస్తే ఎర్ర టేపుతో కొట్టేస్తారు. మిషిగన్ పేరు కూడా పలకరు, "పైన ఉత్తరాన ఉన్న ఆ జట్టు" అంటారు. 1951 నుంచి 1978 దాకా కోచ్‌గా ఉన్న వుడీ హేస్ నాటి అలవాటు అది. నీ దగ్గర నీలం కంచిపట్టు, పసుపు అంచుది ఉంది చూడు, అది చాలా బావుంటుంది, కానీ ఆ సూట్‌కేసులో పెట్టకు. పసుపూ నీలమూ మిషిగన్ రంగులు. చర్చికి ఆ ఎర్ర ధర్మవరం తీసుకెళ్ళు, బూడిదరంగు శాలువా కప్పుకుంటే మీ మామగారు ఆ రోజంతా నిన్ను అందరికీ చూపిస్తాడు. ఒహాయో స్టేట్ రంగులు అవే.

గెలిచారో ఓడారో తెలుసుకుని మరీ గుమ్మం తొక్కు. 2024 నవంబర్ 30న సొంత ఊళ్ళో, లక్షమందికి పైగా పట్టే స్టేడియంలో, 13-10తో ఓడారు. మా వియ్యంకుడు వారం రోజులు సరిగా మాట్లాడలేదు, చెట్టుకి దీపాలు కూడా మా వియ్యపురాలే చుట్టింది. ఆ ఏడాదే మొదటిసారి 12 జట్లతో ప్లేఆఫ్, అంటే దేశ ఛాంపియన్ ఎవరో తేల్చే నాకౌట్ పోటీలు, పెట్టారు కాబట్టి ఇంకో అవకాశం దొరికింది. క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు, 21వ తేదీ రాత్రి, గడ్డకట్టే చలిలో అదే స్టేడియంలో టెనెసీ జట్టుని 42-17తో ఓడించారు. అప్పుడొచ్చింది ఆ ఇంటికి పండగ. కొత్త సంవత్సరం రోజు రోజ్ బౌల్‌లో ఆరెగన్ మీద, తర్వాత టెక్సస్ మీద, జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డేమ్ మీద గెలిచి దేశానికే ఛాంపియన్లు అయ్యారు. మా వియ్యాలవారి చెట్టు జనవరి 20 దాకా తియ్యలేదు. తీస్తే ఓడిపోతారని భయం. చదువుకున్నవాళ్ళే.

ఆ ప్లేఆఫ్ మొదటి రౌండు ఇప్పుడు 20వ తేదీకి అటూఇటూగా పడుతుంది, తర్వాతిది సంవత్సరం మారేటప్పుడు. అంటే నువ్వు ఉండే రోజులు సరిగ్గా ఆ మధ్యే. ఆ మ్యాచ్‌ల టైములు అల్లుణ్ణి అడిగి ఫోన్లో పెట్టుకో. షాపింగ్, బంధువులింటికి వెళ్ళడం, నీ ఆఫీసు కాల్స్ అన్నీ వాటిని తప్పించి పెట్టుకో. గడియారం ప్రకారం ఆట గంటే, కానీ మూడున్నర గంటలు పడుతుంది. "ఇంకా రెండు నిమిషాలే" అంటే స్టవ్ మీద ఏదీ పెట్టకు, అది అరగంట కూడా అవుతుంది.

ఆట గురించి ఇంత తెలిస్తే చాలు. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. వెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి. బంతితో చివరిదాకా చేరితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. దాని తర్వాత కర్రల మధ్య నుంచి తంతే ఇంకొకటి. చివరిదాకా చేరలేక దూరం నుంచి తంతే మూడు. అసలు గొడవంతా నాలుగో డౌన్ దగ్గర, తన్నేయాలా, సాహసం చెయ్యాలా అని. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, ప్రకటనలు వచ్చినప్పుడు మీ మామగారిని "నాలుగో డౌన్‌లో ఎందుకు తన్నేశారు?" అని అడగడం. ఆట నడుస్తుండగా అడగొద్దు. మిగతాదంతా ఆయనే చూసుకుంటాడు.

అభిమానం మాత్రం నటించకు. ఒహాయో స్టేట్ జట్టుని బక్కైలంటారు. "నేనూ బక్కై ఫ్యాన్‌నే" అన్నావో, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) ఎవరని వెంటనే అడుగుతారు. ఏమీ తెలీదని చెప్పి, ఆ గదిలోనే ఏ పుస్తకమో పట్టుకుని కూర్చో. లేచి వెళ్ళిపోకుండా ఉండటమే వాళ్ళకి కావాల్సింది. మరీ ముఖ్యంగా, మీ అత్తగారిని వంటింట్లోంచి కాపాడాలని బయల్దేరకు. ఆవిడే అందరికంటే పెద్ద అభిమాని అయ్యే అవకాశం చాలా ఉంది. మా వియ్యపురాలు గొంతు పోయేట్టు అరుస్తుంది, ఆదివారం చర్చిలో పాట రాదు.

ఓడితే "ఆటే కదా" అనకు. 2023 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో మనవాళ్ళు వరల్డ్ కప్ ఫైనల్ ఓడిన రాత్రి మీ నాన్న అన్నం ముట్టాడా? అట్లాగే, మీ మరుదులు ఆటగాళ్ళని తిడుతుంటే నువ్వు వంత పాడకు. ఆడేవాళ్ళు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. ఇప్పుడు డబ్బులొస్తున్నాయి కాబట్టి ఎంతైనా తిట్టొచ్చనే మాట ఈమధ్య ఎక్కువైంది. నాకది నచ్చదు.

అల్లుడూ వాళ్ళ నాన్నా ఫోన్లో మాట్లాడుకోవడం నువ్వు విన్నావో లేదో. "బాగున్నావా, బాగున్నాను" దాటి పోదు. ఆట ఉన్న రోజు మాత్రం ఇద్దరూ అరగంట మాట్లాడుకుంటారు. కోచ్ గురించి మొదలుపెట్టి ఎక్కడో మధ్యలో "నీ ఉద్యోగం ఎట్లా ఉంది, మోకాలు ఎట్లా ఉంది" వస్తుంది. ఆ మాటల మధ్య నువ్వు టీ కావాలా అని దూరకు. అంత అవసరమైన టీ ఏదీ ఉండదు.

తిండి గురించి. క్రిస్మస్ భోజనానికి బిర్యానీ వండుతానని మాటివ్వకు. ఆ రోజు వంటకాలు ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఒకటే, హ్యామ్ పక్కన ఏ గిన్నె ఉండాలో కూడా నిర్ణయమైపోయి ఉంటుంది. నీ బిర్యానీ మ్యాచ్ రోజుకి పెట్టుకో. అప్పుడు జనం ప్లేట్లు పట్టుకుని సోఫాల్లో తింటారు, ఏం పెట్టినా ఖాళీ చేస్తారు. కారం సగం. కుకీలు చేసే రోజు మాత్రం తప్పకుండా వంటింట్లో ఉండు. బక్కైలని ఒక మిఠాయి కూడా చేస్తారు. వేరుశనగ ముద్ద, వెన్న, చక్కెర పొడి కలిపి ఉండలు చేసి, పైన కాస్త కనపడేట్టు వదిలి చాక్లెట్‌లో ముంచుతారు. ఆ రాష్ట్రపు చెట్టు గింజలా ఉండాలని. సున్నుండలు చుట్టిన చేతికి అదొక లెక్కా? అసలు గింజలు ఇంట్లో గిన్నెలో పెట్టుకుంటారు, అదృష్టమని జేబులో కూడా వేసుకుంటారు, పొరపాటున నోట్లో వేసుకోకు, విషం.

నువ్వు తీసుకెళ్ళాల్సింది గులాబీ పువ్వులు, మన పిండివంట. ఆశ్చర్యపోతావు, వాళ్ళలో పెద్దవాళ్ళు గుర్తుపడతారు. స్కాండినేవియా నుంచి వచ్చిన కుటుంబాలు క్రిస్మస్‌కి అదే అచ్చుతో అవే వేయించి, చక్కెర పొడి చల్లి, రోజెట్లంటారు. మనం కొబ్బరిపాలు, బియ్యప్పిండి కలుపుతాం, అంతే తేడా.

అమ్మకి ఫోన్ 24 సాయంత్రం ఏడున్నరకి చెయ్యి. అప్పుడు గుంటూరులో 25 పొద్దున్న ఆరు, గుడికి బయల్దేరే ముందు దొరుకుతుంది. ఆ సమయానికి చర్చిలో ఉంటే ఆరాధన అయ్యాక కారులోంచి చెయ్యి. 25 పొద్దున్న గిఫ్టులు విప్పేటప్పుడు వీడియో కాల్ పెట్టొద్దు. పిన్నులూ బాబాయిలూ ఒక్కొక్కరే వస్తారు, అక్కడ వాళ్ళు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు.

31 రాత్రి మన తెలుగు సంఘం వాచ్‌నైట్ ఆరాధన ఉంటుంది. రావాలనుకుంటే ఇప్పుడే అల్లుడికి చెప్పు, ఆ రోజు చెబితే కుదరదు. మర్నాడు వాళ్ళింట్లో పంది మాంసం, పులిసిన క్యాబేజీ పెడతారు, ఏడాదంతా బాగుండాలని. క్యాబేజీ వాసన ఘాటుగా ఉంటుంది గానీ ఆవకాయ తిన్న నాలుక నీది, తట్టుకుంటుంది.

గులాబీ పువ్వుల అచ్చులు నా దగ్గర రెండున్నాయి. ఎయిర్‌పోర్టు నుంచి వెళ్తూ ఇటు రండి, ఒకటి ఇస్తాను. కొత్త అచ్చుకి పిండి అంటుకుంటుంది, ఇది బాగా వాడినది. నూనెలో బాగా కాగనిచ్చి అప్పుడు ముంచు, పిండిలో పైఅంచు మునగకూడదు. అల్లుడికి చలికోటు ఉంది, నీకు మంచిది లేదని మీ అమ్మ చెప్పింది. అదీ నాది ఒకటి తీసి పెట్టాను.

ఇట్లు,
పెద్దమ్మ