నాన్నకు మూడు రోజుల పని, కొడుక్కి కాంట్రాక్టు: ఇద్దరూ ఒకేసారి మారొచ్చా?

ప్రశ్న: నాకు 55 ఏళ్లు. పర్మనెంట్ ఉద్యోగం వదులుకుని, వారానికి మూడు రోజులు కాంట్రాక్టు మీద పనిచేయమని కంపెనీ అంటోంది. ఇప్పటి జీతంలో 60 శాతం ఇస్తారట. ఇంటి ఖర్చులకు అది చాలు. మా అబ్బాయికి 26. వాడూ పర్మనెంట్ ఉద్యోగం మానేసి, 20 శాతం ఎక్కువ వచ్చే కాంట్రాక్టులో చేరతానంటున్నాడు. వారానికి 60 గంటల పని. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఇద్దరం మారొచ్చా?

జవాబు: మీరు మారొచ్చు, కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకున్నాక. మీ అబ్బాయి కొంతకాలం ఆగడం మంచిది. ఇద్దరూ ఒకేసారి మాత్రం వద్దు.

మీ ప్రశ్నలో రెండు మార్పులు కలిసిపోయాయి. పని గంటలు తగ్గడం ఒకటి, పర్మనెంట్ కాస్తా కాంట్రాక్టు కావడం ఇంకొకటి. మొదటిదానితో నాకు పేచీ లేదు. మూడు రోజుల పనికి 60 శాతం జీతం న్యాయమే. ఆదాయంతో పాటు పన్ను రేటూ పెరిగే విధానం ఉంటే, చేతికొచ్చేది 40 శాతం కూడా తగ్గదు. అసలు నష్టమంతా రెండోదానిలోనే. జీతంతో కూడిన సెలవులు, ఆరోగ్య బీమా, రిటైర్మెంట్ నిధిలో కంపెనీ వాటా, తీసేస్తే ఇచ్చే పరిహారం చాలాచోట్ల పర్మనెంట్ వాళ్లకే ఉంటాయి. అందుకే ముందు ఇలా అడగండి: "మూడు రోజులే చేస్తాను, పర్మనెంట్‌గానే ఉంచుతారా?" చాలామంది అడగరు, అడిగితే ఏమనుకుంటారోనని. పార్ట్‌టైమ్ వాళ్లకూ ఫుల్‌టైమ్ వాళ్లతో సమానమైన రక్షణలు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994లోనే ఒక ఒప్పందం చేసింది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు. అయినా మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరికేమీ కాదు.

కుదరదంటే, పాత సర్వీసుకు రావాల్సిన డబ్బు ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. పెన్షన్‌ను చివరి ఏళ్ల జీతం సగటు మీద లెక్కిస్తారేమో కనుక్కోండి. అలాగైతే ఈ 60 శాతం జీతం మీ పెన్షన్‌ను జీవితాంతం తగ్గించేస్తుంది. కంపెనీ బీమా ఉండగానే సొంత పాలసీ తీసుకోండి. 55 దాటాక ప్రీమియం ఏటా బరువెక్కుతుంది, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (కొంతకాలం ఆగాకే బీమా వర్తించడం) కూడా ఉండొచ్చు.

ఇవన్నీ సరిపోతే ఆ మూడు రోజుల పనిని తక్కువగా చూడకండి. మీ పొదుపు 100 అనుకుందాం, ఏటా 7 శాతం పెరుగుతుందనీ అనుకుందాం. జీతంతోనే ఇల్లు గడిస్తే 60వ ఏటికి అది 140 అవుతుంది. ఇప్పుడే పని మానేసి ఏటా 5 చొప్పున తీసుకుంటే దాదాపు 111 దగ్గర ఆగుతుంది.

ఇక మీ అబ్బాయి సంగతి. 20 శాతం ఎక్కువ అనేది పైకి కనిపించే లెక్క. ఏడాదికి 260 పనిదినాలకు జీతం తీసుకునే పర్మనెంట్ ఉద్యోగి, సెలవులు 30 పోతే 230 రోజులే పనిచేస్తాడు. కాంట్రాక్టులో ఆ 30 రోజులకు పైసా రాదు. ఒక కాంట్రాక్టుకీ ఇంకోదానికీ మధ్య నెల ఖాళీ వస్తే ఇంకో 20 రోజులు పోతాయి. రిటైర్మెంట్ నిధిలో కంపెనీ వాటా 10 శాతం అనుకుంటే, రోజుకు దాదాపు 36 శాతం ఎక్కువ వస్తేనే ఇప్పటి ఉద్యోగంతో సమానం. ఆ పైన 60 గంటల పని. ఇప్పుడు 40 గంటలు చేస్తుంటే, 20 శాతం ఎక్కువ డబ్బుకు 50 శాతం ఎక్కువ పని. గంటకు వచ్చేది తగ్గుతోందన్నమాట! వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు దాదాపు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. 26 ఏళ్ల వాడికి ఇది చెప్తే నవ్వుతాడు, తెలుసు. గంట లెక్క చూపించండి, అది వింటాడు.

ఆ వయసులో కాంట్రాక్టు పోతే ఇంకోటి వెతుక్కునే సమయం ఉంటుంది. మీ వయసులో పోయిన పని మళ్లీ దొరకడానికి సాధారణంగా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే ముందు మీరు మారి కుదురుకోండి, అంతవరకూ ఇంట్లో ఒక పర్మనెంట్ జీతం ఉండనివ్వండి. ఇప్పుడు మీ ఇంటికి ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి చాలు. ఇద్దరూ కాంట్రాక్టులోకి వెళ్లాలంటే ఏడాదికి సరిపడా చేర్చాలి. అది చేరాక వాడిష్టం. కాకపోతే సంతకం పెట్టే ముందు నోటీసు పీరియడ్ ఎంతో చూడమనండి. వారం రోజులే అని ఉంటే ఆ 36 శాతం కూడా చాలదు.