షూటర్ గేమ్‌లో శత్రువు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సొంతంగా ఒక ఫస్ట్ పర్సన్ షూటర్ (పాత్ర కళ్లతో చూస్తూ కాల్చే గేమ్) తయారు చేస్తున్నాను. హార్డ్ మోడ్‌లో శత్రువుల హెల్త్‌ను, అంటే చచ్చేలోపు తట్టుకోగల డ్యామేజ్‌ను, 100 నుంచి 200కి పెంచాను. ఆడినవాళ్లు విసుగ్గా ఉందంటున్నారు తప్ప కష్టంగా ఉందనడం లేదు. ఎందుకు?

జవాబు: హెల్త్ పెంచితే ఆటగాడికి చాకిరీ పెరుగుతుంది, ఆలోచించాల్సింది మాత్రం అంతే ఉంటుంది. లెక్క వేసి చూడండి. మీ రైఫిల్ బుల్లెట్‌కు 25 డ్యామేజ్, మ్యాగజైన్‌లో 30 బుల్లెట్లు అనుకుందాం. 100 హెల్త్ ఉన్నవాడు 4 దెబ్బలకు పడిపోతాడు. పేల్చిన వాటిలో సగమే తగిలితే మనిషికి 8 బుల్లెట్లు, ఒక మ్యాగజైన్‌కు ముగ్గురు. హెల్త్ 200 అయితే మనిషికి 16. మొదటివాడు పడతాడు. రెండోవాడు ఇంకో రెండు బుల్లెట్లకు పోయేవాడే, అంతలో మ్యాగజైన్ ఖాళీ. ప్రతి పోరులోనూ ఇదే జరిగితే విసుగు రాక ఏమవుతుంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. 100ను 110 చేస్తే పెంచింది పది శాతమే అనిపిస్తుంది. నిజానికి 4 దెబ్బలు 5 అయ్యాయి, అంటే పాతిక శాతం. అక్కడి నుంచి 125 దాకా ఎంత పెంచినా ఈ రైఫిల్‌తో ఆడేవాడికి తేడా తెలియదు. అందుకే హెల్త్ అంకె మార్చే ముందు, ఏ తుపాకీతో ఎవరు ఎన్ని దెబ్బలకు పడతారో పట్టిక వేసుకోండి.

1993 నాటి షూటర్ గేమ్ డూమ్‌ను గమనించండి. ఇంప్ అనే రాక్షసుడి హెల్త్ ఏ కష్ట స్థాయిలోనైనా 60 మాత్రమే. అన్నిటికన్నా తేలిక స్థాయిలో ఆటగాడికి తగిలే డ్యామేజ్ సగమవుతుంది, దొరికే మందుగుండు రెట్టింపవుతుంది. పై స్థాయిల్లో రాక్షసుల సంఖ్య పెరుగుతుంది. చిట్టచివరి నైట్‌మేర్‌లో ఇంప్ విసిరే నిప్పుబంతి వేగం రెట్టింపు, పైగా చచ్చినవాళ్లు మళ్లీ లేస్తారు. షాట్‌గన్ దెబ్బకు ఇంప్ ఎంత తేలిగ్గా పడతాడో ఆటగాడికి అలవాటైన ఆ అంచనా ఎక్కడా చెడదు. మీరూ హెల్త్‌ను 100 దగ్గరే ఉంచి, దూరం నుంచి కాల్చేవాడికి తోడుగా మీదికి దూకేవాడిని ఒకణ్ణి పెట్టి చూడండి. దాక్కుంటే రెండోవాడు వస్తాడు, బయటికొస్తే మొదటివాడు కాలుస్తాడు. కష్టమంటే అదీ.

ప్రశ్న: ఆరుగురు శత్రువులున్న గదిలోకి అడుగు పెట్టగానే ఆటగాడు చచ్చిపోతున్నాడు. ఎవరు కొట్టారో కూడా తెలియడం లేదు.

జవాబు: ఒక్కొక్కడు సెకనుకు 10 డ్యామేజ్ చేస్తే ఆరుగురూ కలిసి 60. ఆటగాడి 100 హెల్త్ రెండు సెకన్లు కూడా ఆగదు. కాల్చే హక్కును టోకెన్లుగా మార్చండి. గదికి రెండే టోకెన్లు, అవి ఉన్నవాళ్లే కాలుస్తారు. అప్పుడు ఆటగాడికి 5 సెకన్లు దక్కుతాయి. 1998 నాటి హాఫ్-లైఫ్ అనే షూటర్ గేమ్‌లోనూ ఒక దళంలో ఒకేసారి కాల్చే సైనికుల సంఖ్యకు హద్దు ఉంది. మిగతా నలుగురినీ ఊరికే నిలబెట్టకండి. పక్కకు జరగడమో, అరవడమో, రీలోడ్ చేసుకోవడమో చేయించండి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: టోకెన్ పట్టుకున్నవాడు చచ్చినా, గోడ చాటుకు వెళ్లినా అది వెనక్కి రావాలి. ఆ కోడ్ మరిచిపోతే ఇద్దరు చావగానే మిగతా అందరూ బొమ్మల్లా నిలబడిపోతారు.

ఇక ఎవరు కొట్టారో తెలియకపోవడం. గురి పెట్టిన క్షణానే తగిలే బుల్లెట్‌కు ముందు ఏదో ఒక సూచన ఉండాలి: తుపాకీ ఎత్తడం, ఒక కేక, లేదా కావాలనే గురి తప్పించిన మొదటి బుల్లెట్. కంటితో చూసి వేలు కదపడానికే మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. కాబట్టి సూచనకు కనీసం 0.4 సెకను ఇవ్వండి. ఎగిరొచ్చే ఆయుధమైతే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చే నిప్పుబంతిని 15 మీటర్ల దూరంలో హాయిగా తప్పించుకోవచ్చు. 5 మీటర్లలో అది పావు సెకనులో తగులుతుంది, ఎంత చురుకైనవాడైనా తప్పుకోలేడు. దగ్గరున్నప్పుడు, విసిరే ముందు శత్రువు చెయ్యి ఎత్తే యానిమేషన్‌ను పొడిగించండి.

ప్రశ్న: ఎన్ని రకాల శత్రువులు కావాలి?

జవాబు: చిన్న గేమ్‌కు నాలుగు చాలు. నల్లని నీడగా చూసినా ఎవరెవరో గుర్తుపట్టగలగాలి. ఇద్దరి మీదా ఆటగాడు ఒకే ఎత్తు వేస్తున్నాడంటే వాళ్లిద్దరూ ఒకే రకం, ఒకణ్ణి తీసేయండి.