16 రన్ల డిజైన్‌లో పీ-వాల్యూలు రావట్లేదా?

మీ ప్రయోగాల ఫలితాల్లో పీ-వాల్యూలు (ఎఫెక్టు నిజమైనదా అని తేల్చడానికి వాడే అంకెలు) రావట్లేదని అడిగారు; తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదండి. 4 ఫ్యాక్టర్లు (మార్చి చూసే అంశాలు), 16 రన్లు (ప్రయోగాలు), రిపీట్లు లేవు. 15 ఎఫెక్టులూ (ఫ్యాక్టర్ల విడి ప్రభావాలు, వాటి కలయికల ప్రభావాలు) మోడల్లో పెట్టేసరికి ఎర్రర్ లెక్కకు ఏమీ మిగల్లేదు. అందుకే పీ-వాల్యూల కాలమ్ ఖాళీ. రిపీట్లు లేకున్నా ఏ ఎఫెక్టులు నిజమైనవో తేల్చే లెంత్ పద్ధతి పట్టండి:

1. ప్లస్, మైనస్‌లు వదిలేసి 15 ఎఫెక్టుల మీడియన్ (వరుసలో పేరిస్తే మధ్యలో వచ్చే విలువ) తీయండి. మీ లిస్టులో 1.2. ఇంటూ 1.5 = 1.8.

2. చాలామంది మర్చిపోయేది ఇక్కడే: 1.8కి 2.5 రెట్లు, అంటే 4.5 దాటినవాటిని పక్కన పెట్టి మీడియన్ మళ్లీ తీయాలి. మీ మూడు పెద్దవి తీసేస్తే 1.0 వస్తుంది. ఇంటూ 1.5 = 1.5.

3. దాన్ని 2.57తో గుణించండి (15 ఎఫెక్టులకు ఇదే). హద్దు 3.86; దీన్ని దాటిన ఎఫెక్టే నిజమైనదని లెక్క.

మీ ఫ్యాక్టర్లలో ఒకటైన హోల్డింగ్ ప్రెషర్ ఎఫెక్టు 4.1 కాబట్టి నిలబడింది. మొదటి మీడియన్ దగ్గరే ఆగితే హద్దు 4.63 అయ్యి, అది చేజారేది. అంచుకు దగ్గరగా ఉంది కనుక దాని మీద మాత్రం ఇంకొన్ని రన్లు వేసి చూడండి.