విజయవాడ పటమటలో నలుగురం ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్నాం, ఒక గదిలోనే ఏసీ ఉంది. కరెంటు బిల్లు సమానంగా పంచుకోవాలా?

వద్దండి. ఆంధ్రప్రదేశ్‌లో మన కరెంటు రేటు శ్లాబుల లెక్క, అంటే వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు రేటు పెరుగుతుంది. 2022లో ప్రకటించిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90 అయితే, 226 నుంచి 400 వరకు రూ.8.75. అందుకే 200 యూనిట్లకు రూ.867 అయ్యేది, 400 యూనిట్లకు రూ.2,548 దాకా వెళ్తుంది. వాడకం రెట్టింపు, బిల్లు దాదాపు మూడు రెట్లు! ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం.

ఏసీ లైనుకు సబ్ మీటర్ (దాని వాడకం మాత్రమే చూపించే చిన్న మీటర్) పెట్టించండి. మొత్తం 400లో దాని వాటా 200 యూనిట్లు అనుకుంటే, పైన పెరిగిన రూ.1,681 ఆ గదివాళ్లే కట్టాలి, మిగతా రూ.867 నలుగురికీ సమానం. నా ఉద్దేశంలో ఇదే న్యాయం. సగటు రేటు వేస్తే ఏసీ లేనివాళ్ల మీద అనవసరంగా భారం పడుతుంది.

గ్యాస్, నీళ్ల క్యాన్లు, వైఫై సమానంగానే పంచుకోండి, అక్కడ తగాదా ఉండదు. ఎండాకాలం మాత్రం టెన్షనే. బెజవాడ ఎండలు తెలిసినవే కదా, ఫిబ్రవరి నుంచే నెలకు తలా రెండొందలు పక్కన పెట్టుకుంటే మే బిల్లుకు అప్పు చేయక్కర్లేదు. ఇంట్లో దిగిన రోజే మీటర్ రీడింగ్ ఫోటో తీసి ఓనరుగారికి పంపండి. పాత బకాయి మీ నెత్తిన పడదు.