స్టెంట్ ఉన్న నాన్నకి సర్ప్రైజ్ క్రూజ్, అదీ అప్పు చేసి: కావలి తమ్ముడికి జవాబు

కావలి నుంచి ఒక తమ్ముడు పెద్ద మెసేజ్ పెట్టాడు. బోర్ మోటార్లు, పైపుల షాపు ఆయనది. భార్య ప్రైవేట్ స్కూల్లో టీచర్. ఇద్దరిదీ కలిపితే నెలకి 85 వేలు, హౌస్ లోన్ ఈఎంఐతో కలిపి ఖర్చు 62 వేలు. ఎఫ్‌డీ 2 లక్షల 20 వేలు ఉంది. నాన్నగారు రిటైర్డ్ గవర్నమెంట్ టీచర్, 68 ఏళ్లు, షుగర్ ఉంది, రెండేళ్ల కింద స్టెంట్ వేశారు. అమ్మకి 63, మోకాళ్ల నొప్పులు. నవంబర్ ఆఖర్లో అమ్మానాన్నల పెళ్లిరోజుకి పిల్లలిద్దరితో సహా ఆరుగురూ సింగపూర్ వెళ్లి అక్కడ షిప్ ఎక్కి పెనాంగ్, ఫుకెట్ తిరిగి మళ్లీ సింగపూర్‌లో దిగేటట్టు ఏజెంట్ దగ్గర ప్యాకేజీ మాట్లాడుకున్నాడు. మొత్తం 5 లక్షల 60 వేలు. ఎఫ్‌డీలోంచి లక్షా 60 తీసి, మిగతా 4 లక్షలు పర్సనల్ లోన్ పెడదామని ప్లాన్. ఇప్పటికే పాతిక వేలు అడ్వాన్స్ కట్టేశాడు. అమ్మానాన్నలకి చెప్పలేదంట, సర్ప్రైజ్ అంట. ఇంతా రాసి ఆయన అడిగింది ఏందయ్యా అంటే, "లోన్ బ్యాంకులో తీసుకోవాలా, యాప్‌లో తీసుకుంటే తొందరగా వస్తుందంటున్నారు, ఏది బెటర్ సార్?"

రెండూ వద్దు తమ్ముడూ. ఆ ప్రశ్న ఒక్కటే అయితే ఇక్కడితో ఆపేసేవాణ్ణి, కానీ మీ మెసేజ్ మధ్యలో మీరు మామూలుగా అనేసిన ఒక మాట ఉంది చూడండి, "షిప్‌లో డాక్టర్ ఉంటాడంట, నాన్నకి ఎట్టాగూ ఈహెచ్‌ఎస్ కార్డు ఉంది, మాకు 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఉంది, కాబట్టి హెల్త్ గురించి భయం లేదు" అని, ఈ జవాబు రాస్తోంది దానికోసమే. ఎందుకంటే ఈ మాట నా దగ్గరకొచ్చే వాళ్లలో చాలామంది అంటారు, ఫారిన్ ట్రిప్ అనగానే టికెట్ రేటు, హోటల్ రేటు పైసలతో సహా చెప్తారు, జబ్బు చేస్తే ఎవరు కడతారు అంటే మాత్రం ఇట్టా కార్డులు చూపిస్తారు.

ఈహెచ్‌ఎస్, అంటే గవర్నమెంట్ ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఇచ్చే హెల్త్ కార్డు, ఇక్కడి నెట్‌వర్క్ ఆస్పత్రుల వరకే. మీ ఫ్లోటర్, అంటే ఇంటి వాళ్లందరికీ కలిపి తీసుకునే హెల్త్ పాలసీ, మామూలుదైతే ఇండియా వరకే, పైగా అందులో మీ అమ్మానాన్నల పేర్లు లేవని మీరే రాశారు. ఇక షిప్‌లో డాక్టర్ ఉంటాడు, నిజమే, నర్సులు కూడా ఉంటారు, ఈసీజీ తీస్తారు, సెలైన్ పెడతారు. ఆ బిల్లు మాత్రం టికెట్‌లో కలవదు. మీ కేబిన్ ఖాతాకి రాస్తారు, దిగేటప్పుడు మీ కార్డు మీద పడుతుంది. అక్కడ స్టెంట్ వేసేవాళ్లు ఉండరు. పరిస్థితి బాగా లేదనిపిస్తే దగ్గర్లోని పోర్టులో దించి ఆస్పత్రికి పంపిస్తారు, షిప్ మాత్రం దాని దారిన అది పోతుంది.

మా అత్తగారి సంగతి చెప్తాను. కొన్నేళ్ల కింద మా బావమరిది ఇట్టానే తీసుకెళ్లాడు. రెండో రోజు రాత్రి ఆమెకి ఆయాసం. షిప్ డాక్టర్ చూసి ఈసీజీ తీసి, ఆక్సిజన్ పెట్టి, రెండు ఇంజెక్షన్లు చేసి, పొద్దున పోర్టు రాగానే దించేశారు. షిప్ బిల్లే ఆరు వందల డాలర్ల పైన. ఒడ్డున ఆస్పత్రిలో అడ్మిట్ చేసుకునే ముందే డిపాజిట్ కట్టమన్నారు, కార్డు లిమిట్ అప్పటికే షాపింగ్‌కి సగం అయిపోయింది. పొద్దున్నే నాకు ఫోన్, నేనూ మా తోడల్లుడూ తలా కొంత పంపిస్తే గండం గడిచింది. దేవుడి దయ వల్ల నాలుగు రోజుల్లో తేరుకుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా క్లెయిమ్ పెట్టుకుందాంలే అనుకున్నారు, రిజెక్ట్ అయింది. ఎందుకో తెలుసా, ఫారంలో ఇంతకుముందు నుంచి జబ్బులేమైనా ఉన్నాయా అన్న చోట "నో" అని ఉంది. ఆమెకి పన్నెండేళ్ల నుంచీ బీపీ. టికెట్లు బుక్ చేసిన కుర్రాడు ఆరుగురి ఫారాలూ ఐదు నిమిషాల్లో నింపేశాడు, కిందకి స్క్రోల్ చేస్తూ అన్నిటికీ నో, నో, నో. మావోడు పక్కనే కూర్చుని ఆధార్ నంబర్లు చదువుతా ఉన్నాడు, ఆ గడి చూడలేదు.

మీ ఏజెంట్ కూడా "ఇన్సూరెన్స్ ప్యాకేజీలోనే ఉంది సార్" అన్నాడని రాశారు. ఆ పాలసీ కాపీ మెయిల్‌లో తెప్పించుకోండి. మీ నాన్నగారి పేరు ఎదురుగా షుగర్, స్టెంట్ రెండూ రాసి ఉన్నాయా, గుండెకి సంబంధించి ఏమన్నా అయితే ఎంతవరకు ఇస్తారు, కొన్ని పాలసీలు పాత జబ్బులకి అసలు ఇవ్వవు, కొన్ని ప్రాణం మీదకొచ్చినప్పుడు మాత్రమే అదీ ఒక లిమిట్ వరకు ఇస్తాయి, కొన్ని ఎక్కువ ప్రీమియం తీసుకుని కవర్ చేస్తాయి, మీది వీటిలో ఏదో రాతపూర్వకంగా చెప్పించుకోండి. షిప్ మీద ట్రీట్‌మెంట్ కవర్ అవుతుందా, షిప్ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు, అక్కడి నుంచి ఇండియాకి తీసుకొచ్చే ఖర్చు ఉందా అన్నది ఇంకా ముఖ్యం, అది లక్షల్లో పోయే లెక్క. 60 దాటితే ప్రీమియం పెరుగుతుంది, 70 దాటితే ఇంకా పెరుగుతుంది, పెరగనివ్వండి. 5 లక్షల 60 వేల ట్రిప్‌లో బాల్కనీ కేబిన్ కోసం ఎక్స్‌ట్రా కట్టడానికి వెనకాడని వాళ్లం ఇక్కడ మాత్రం చౌక పాలసీ వెతుకుతాం.

ఇప్పుడు మీ సర్ప్రైజ్ దగ్గరకి వస్తా. నాన్నకి చెప్పకుండా ఆయన హెల్త్ ఫారం ఎట్టా నింపుతారు తమ్ముడూ? ఏ మాత్ర వేసుకుంటున్నారు, ఆఖరిసారి ఎప్పుడు గుండె డాక్టర్ని కలిశారు, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఇవి మీకు తెలుసా? మీరు రాసిన దాంట్లో "ఏదో బ్లడ్ థిన్నర్ వాడతారు" అని ఉంది. ఆ "ఏదో" తోటి సముద్రం ఎక్కొద్దు. ముందు నెల్లూరు పొగతోటలో ఆయన్ని చూసే డాక్టర్ దగ్గరకే తీసుకెళ్లండి, ఇన్ని గంటల ఫ్లైట్, ఇన్ని రోజుల షిప్, వెళ్లొచ్చా అని అడిగి, ప్రయాణానికి ఫిట్ అని లెటర్, మందుల జెనరిక్ పేర్లతో (కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు) ప్రిస్క్రిప్షన్ రాయించుకోండి. ఆ లెటర్ రాకపోతే మిగతా ప్లాన్ అంతా దండగ. మా అత్తగారు మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి తీసి పాత పౌడర్ డబ్బాలో పోసుకొచ్చింది, తెల్లది పొద్దున, పసుపుది రాత్రి అని ఆమెకి తెలుసు, షిప్ డాక్టర్‌కి ఎట్టా తెలుస్తుంది? స్ట్రిప్పులు స్ట్రిప్పులుగానే హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి, నాలుగైదు రోజులకి ఎక్కువే పెట్టుకోండి. ఇన్సులిన్ అయితే చెక్-ఇన్ లగేజీలో వెయ్యొద్దు, కింద చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది. సింగపూర్ టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, డోసు టైములు డాక్టర్నే అడగండి. నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు లాంటి వాటికి సింగపూర్‌లో పర్మిషన్ రూల్స్ ఉన్నాయి, అమ్మగారి సంచీ కూడా ఒకసారి చూడండి.

ఇంకోటి, ఆయనకి షిప్ ఇష్టమో కాదో కూడా మీకు తెలీదు గదా. మా నాన్న మైపాడు బీచ్‌లో అరగంట కూర్చుంటే "సముద్రం చూశాం గదా, ఇంక పదండి" అంటాడు. మీ నాన్నగారు మీ పక్కనే ఉన్న తుమ్మలపెంట బీచ్‌కే పదేళ్లుగా పోలేదేమో కనుక్కోండి.

అప్పు లెక్క. 4 లక్షలు, 15 శాతం, మూడేళ్లు అనుకుంటే ఈఎంఐ 13,870 దాకా పడుతుంది, మొత్తం కట్టేది 5 లక్షలు, అంటే అయిదు రోజుల ట్రిప్‌కి లక్ష వడ్డీ. మీకు నెలకి మిగిలేది 23 వేలు. ఈఎంఐ పోతే 9 వేలు. ఎఫ్‌డీలో మిగిలేది 60 వేలు, అది మీ ఇంటి ఒక నెల ఖర్చుకి కూడా చాలదు. మీది బోర్ మోటార్ల బేరం, మన వైపు వానలు పడేదే అక్టోబర్ నుంచి డిసెంబర్, ఆ నెలల్లో మోటార్లు కొనేదెవరు? బేరం లేని నెలల్లో ట్రిప్, ట్రిప్ అయ్యాక ఈఎంఐ, మధ్యలో నాన్నకి ఏమన్నా అయితే అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఎవరో ఒకరి గడప తొక్కాలి. ఆ యాప్ సంగతి అయితే అసలు ఎత్తొద్దు, ఇప్పుడు తిరుగు తర్వాత కట్టు అని పెడతారు, ప్రాసెసింగ్ ఫీజు కట్ చేసుకునే డబ్బు వేస్తారు, ఒక్క కంతు లేటైతే చూడాలి వాళ్ల ఫోన్లు. ఊళ్లో ఎచ్చులకి పోయి ట్రిప్ ఫోటోలు స్టేటస్ పెట్టి ఏడాది తిరక్కముందే బంగారం కుదువపెట్టిన వాళ్లని చూస్తూనే ఉన్నా, అందుకే విసుగు.

ఆ ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. అది మీ ఎమర్జెన్సీ ఫండ్, అదీ చాలీచాలని ఫండ్. మీకు ఆరు నెలల ఖర్చు అంటే 3 లక్షల 72 వేలు ఉండాలి, ఇంకా లక్షన్నర తక్కువ. నెల నెలా మిగిలే 23 వేలు అందులోనే వేస్తే ఏడు నెలల్లో నిండుతుంది. ట్రిప్ డబ్బు ఆ తర్వాత మొదలవ్వాలి, వేరే ఆర్‌డీలో. చీటీ పాడదామా అని కూడా అడిగారు, ముందే పాడి ఎత్తుకున్న చీటీ కూడా అప్పే.

నాన్నకి వయసైపోతోంది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అన్నారు. ఆ మాట నేను కొట్టిపారెయ్యను. కానీ ఆయనకి పెన్షన్ వస్తుంది. సర్ప్రైజ్ వదిలేసి ఇంట్లో కూర్చుని చెప్తే సగం ఖర్చు ఆయనే పెట్టుకుంటానంటారేమో, చాలా ఇళ్లల్లో జరిగేదే ఇది. అప్పుడు ఎఫ్‌డీ నిండిన ఏడాదిలోపే వెళ్లొచ్చు, నవంబర్‌లో కాకుండా సంక్రాంతి సెలవుల్లో.

నవంబర్ ఎందుకు వద్దంటున్నానంటే మీరు ఉండేది కావలి. చెన్నై ఎయిర్‌పోర్ట్‌కి రెండు వందల కిలోమీటర్ల పైనే. 2021 నవంబర్ వరదలకి పడుగుపాడు దగ్గర రైల్వే ట్రాక్ కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది, మీరు మర్చిపోయి ఉండరు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు చెన్నై ఎయిర్‌పోర్టే మూసేశారు. ఏజెంట్ ప్లాన్ చూస్తే కావలిలో సాయంత్రం కారెక్కి, అర్ధరాత్రి ఫ్లైట్, పొద్దున్నే సింగపూర్, అదే మధ్యాహ్నం షిప్. ఒక్క ఫ్లైట్ లేటైతే షిప్ ఆగదు, బయల్దేరేదానికి గంటా గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తారు, తప్పిపోతే డబ్బు వెనక్కి రాదు. స్టెంట్ ఉన్న మనిషి రాత్రంతా నిద్ర లేకుండా టెర్మినల్ లైన్లో నిలబడటం ఇంకో తలనొప్పి. ఎప్పుడు వెళ్లినా ముందు రోజు చెన్నైలో, ఆ తర్వాత ఒక రాత్రి సింగపూర్‌లో పడుకునేటట్టు పెట్టుకోండి, అమ్మగారికి వీల్‌చైర్ ఎయిర్‌లైన్‌కీ షిప్‌కీ రెండు చోట్లా ముందే చెప్పండి. కేబిన్ షిప్ మధ్యలో, కింది డెక్కుల్లో, లిఫ్టుకి దగ్గరగా అడగండి, ఊపు తక్కువ, నడక తక్కువ. షిప్‌లో నుంచి దిగి మళ్లీ సింగపూర్‌లోకి వస్తారు కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి. ఫోన్ నడిసముద్రంలో ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే ఆ రోమింగ్ బిల్లు వేరే కత. ప్యాకేజీ మీద టీసీఎస్ అని ముందే కొంత పన్ను పట్టుకుంటారు, రిటర్న్ వేసేటప్పుడు క్లెయిమ్ చేసుకోండి. చెన్నై నుంచే శ్రీలంక వైపు వెళ్లే షిప్పులు కూడా కొన్ని సీజన్లలో ఉంటాయి, ఫ్లైట్ బాధ తప్పుతుంది, అదీ చూడండి.

ఇక ఆ పాతిక వేలు. బ్యాలెన్స్ 20వ తారీకు లోపు కట్టాలంటున్నాడు గదా, అంతకంటే ముందే క్యాన్సిలేషన్ రూల్స్ మెయిల్‌లో అడగండి, ఎన్ని రోజుల ముందైతే ఎంత కట్ అని తారీకులతో. డేట్ మార్చుకోవడానికి ఒప్పుకుంటే మార్చుకోండి. ఒప్పుకోకపోతే కొంతన్నా వెనక్కి ఇమ్మనండి. అదీ కాదంటే ఆ పాతిక వేలు పోయినట్టే అనుకోండి, దాన్ని కాపాడుకోవడానికి ఇంకో అయిదు లక్షలు కట్టొద్దు.