ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టండి

(పాత పుస్తకాలు, కామిక్స్ గురించి పాఠకుల ప్రశ్నలకు విజయనగరం గంట స్తంభం దగ్గర పాత పుస్తకాల వ్యాపారం చేసే మా కాలమ్ రచయిత జవాబులు)

ప్రశ్న: మా మావయ్య ఓడల్లో పనిచేసేవారు. విదేశీ రేవుల్లో కొన్న అమెరికన్ కామిక్స్ ట్రంకు పెట్టెడు వదిలివెళ్లారు. అందులో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 300వ సంచిక ఉంది. గ్రేడింగ్ (పుస్తకం ఎంత బాగుందో పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇవ్వడం) చేయిస్తే మంచి ధర వస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. అట్ట కొంచెం వంగి, ముడతలు పడింది. పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేసి పంపితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: వద్దండీ. ఇస్త్రీ పెట్టెను ఆ గది దాకా కూడా తీసుకెళ్లకండి. అది పొడి వేడి, పైగా ఒక్కచోటే పడుతుంది. అట్ట మీద మెరుపు పోయి మచ్చ కడుతుంది. లోపలి పిన్నుల అచ్చు పైకి తేలుతుంది. ఒకసారి అలా అయ్యాక ఎవరి చేతికిచ్చినా వెనక్కి రాదు.

ముడతలు పోగొట్టడానికి చేసే ప్రెస్సింగ్ అనే పని వేరు. ముందు కాగితానికి కొలత ప్రకారం కొద్దిగా తేమ పట్టిస్తారు. దాంతో పీచు మెత్తబడుతుంది. తర్వాత అంటుకోని కాగితాలు, అట్టముక్కలు అటూ ఇటూ పెట్టి, వేడి అదుపులో ఉండే ప్రెస్సులో నొక్కుతారు. ఆ బరువు కిందే చల్లారనిస్తారు. ఓపిక కావలసిన పని. చేయి తిరిగినవాళ్లే చెయ్యాలి.

అయితే మీ పుస్తకానికి ఆ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ముందు మీరే తేల్చుకోవచ్చు. పొద్దున్న కిటికీ దగ్గర నిలబడి, వెలుతురు అట్ట మీద అడ్డంగా పడేలా పుస్తకాన్ని వాల్చి పట్టుకోండి. ముడత మీద వేలు పెట్టకండి, కంటితోనే చూడండి. ముడత కనిపిస్తున్నా రంగు చెదరకుండా ఉందా? అది ప్రెస్సింగ్‌తో చాలావరకు పోతుంది. ముడత వెంబడి సన్నటి తెల్ల గీత కనిపిస్తోందా? అక్కడ సిరా పగిలింది. కలెక్టర్లు దాన్ని కలర్ బ్రేక్ అంటారు. ఎంత నొక్కినా ఆ గీత అలాగే ఉంటుంది. పిన్నులు కొట్టిన మడత దగ్గర ఇలాంటి చిన్న గీతలు వరసగా ఉంటాయి, అక్కడ మరీ జాగ్రత్తగా చూడండి. 300వ సంచిక అట్ట మీద స్పైడర్‌మ్యాన్ నల్ల దుస్తుల్లో ఉంటాడు. నలుపు మీద తెల్ల గీత దాగదు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. ఆ గీత మీద నల్ల స్కెచ్ పెన్ను పెట్టి కప్పెయ్యాలని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అమెరికాలో ఫ్లోరిడా కేంద్రంగా ఉన్న, 2000 నుంచి గ్రేడింగ్ చేస్తున్న సీజీసీ సంస్థ వాళ్లు ప్రెస్సింగ్‌ని తప్పుపట్టరు. కానీ రంగు అద్దితే అది మరమ్మతు కిందకి వస్తుంది, ఊదా రంగు లేబుల్ పడుతుంది. ఆ లేబుల్ చూస్తే చాలామంది కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. అన్నిటికంటే ముఖ్యం, అది కొనేవాడిని మోసం చెయ్యడం. ప్రెస్సింగ్ చేయించినా సరే, అమ్మేటప్పుడు ఆ మాట చెప్పండి.

ఇక ధర సంగతి. గ్రేడు 0.5 నుంచి 10 దాకా ఉంటుంది. 1980ల నుంచి వచ్చిన కామిక్స్‌ని జనం దాచుకున్నారు కాబట్టి బాగున్న కాపీలు చాలానే దొరుకుతాయి. అందుకే అసలు డబ్బంతా 9.8 దగ్గర ఉంటుంది, 9.6కి దిగినా చాలు, ధర బాగా పడిపోతుంది. ఫీజు, రానూపోనూ పార్సిల్, ఇన్సూరెన్సు లెక్కేసుకుంటే మామూలు సంచికలకు గ్రేడింగ్ గిట్టుబాటు కాదు. మీ 300వ సంచిక మామూలుది కాదు. 1988 మే నెలది. స్పైడర్‌మ్యాన్ శత్రువు వెనమ్ పూర్తిగా కనిపించిన మొదటి కథ, బొమ్మలు టాడ్ మెక్‌ఫార్లేన్‌వి. అట్ట కింది మూలన బార్‌కోడ్ ఉందేమో చూడండి. ఉంటే అది పత్రికల బడ్డీల్లో అమ్మిన కాపీ. అలాంటివి నలగకుండా మిగిలినవి తక్కువ, వెతికి కొనేవాళ్లు ఉన్నారు. లోపల పేజీలన్నీ లెక్కపెట్టండి. ప్రకటనలోని కూపన్ ఎవరైనా కత్తిరించుకుని ఉంటే గ్రేడు అమాంతం పడిపోతుంది, ఇక ప్రెస్సింగ్ మాటే అనవసరం.

పెట్టెలోని మిగతావాటిని మాత్రం ముందు బయటికి తియ్యండి. మన సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పడతాయి, ఆ తుప్పు కాగితంలోకి ఇంకుతుంది. అలాగని వడియాల్లా మేడ మీద ఎండబెట్టకండి, ఎరుపు రంగు వెలిసిపోతుంది. ఫ్యాను గాలి చాలు. కలరా ఉండలు పుస్తకాలకు తగలనివ్వద్దు. స్కూలు పుస్తకాలకు వేసే పీవీసీ అట్టలూ వద్దు. పాలీప్రొపిలీన్ కవరు, వెనకాల యాసిడ్ లేని బోర్డు పెట్టి, పుస్తకాలను నిటారుగా నిలబెట్టండి.

ప్రశ్న: తాతగారు బైండు చేయించిన చందమామలున్నాయి, 1950లవి. బైండింగ్ విప్పి, ఒక్కో సంచికా ప్రెస్ చేయించి విడివిడిగా అమ్మితే మంచిదా?
– ఒక ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: విప్పకండమ్మా. బైండరు అంచులు కోసేసి ఉంటాడు, కోసిన అంచు తిరిగి రాదు. కుట్టు విప్పబోతే మడత దగ్గర చిరుగుతుంది. 1947 జులైలో మొదలైన ఆ పత్రికకు ఇక్కడ అభిమానులు ఎలాంటివాళ్లో నాకు తెలుసు. వాళ్లు పేజీ తిప్పి చదవాలి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తే ఏం చేసుకుంటారు?

మీరు చూడాల్సింది అట్టలు. చాలామంది బైండర్లు అట్టలు తీసిపారేసేవారు. మీ తాతగారు ఉంచమని ఉంటే మాత్రం ఆయనకు దండం పెట్టాలి. ఒక్కో అట్ట మీదా వ.పా. సంతకం కోసం వెతకండి. వ.పా. అంటే చిత్రకారుడు వడ్డాది పాపయ్యగారు, 1921లో శ్రీకాకుళంలో పుట్టిన మనిషి. ఆ రంగులు, ఆ దేవతల కళ్లు చూడ్డానికి మా దగ్గరికి వచ్చి, కొనకపోయినా గంటలు గంటలు కూర్చునేవాళ్లు ఉన్నారు. ఏడాదికి పన్నెండు సంచికలూ ఉన్నాయా, ఎన్నింటికి అట్టలున్నాయి, ఏ పేజీ పోయింది అన్నది ఒక కాగితం మీద రాసి, బైండు బైండుగానే అమ్మండి. సెలోటేప్ అంటించి ఉంటే పీకకండి, కాగితం పొర దాంతో పాటే ఊడివస్తుంది.

ప్రశ్న: తిత్లీ తుఫానులో తడిసిన కామిక్స్ ఆరాక అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ప్రెస్సింగ్‌తో విడతాయా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: విడవు. నున్నటి కాగితం తడిసి అతుక్కుని ఆరిపోతే పైపూత రెండోదానికి పట్టేస్తుంది. నొక్కితే ఇంకా గట్టిపడుతుంది. లాగి చించకుండా అలాగే ఉంచండి. మళ్లీ ఎప్పుడైనా తడిస్తే, ఆరకముందే ఒక్కో పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో పడెయ్యండి. బూజు ఆగుతుంది, మీకు వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లొచ్చు.