అయినవాళ్ళకి ఊరికే చేసిపెట్టే మగ్గం వర్క్

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నా వయసు 34, ఇద్దరు పిల్లలు. పెళ్ళికి ముందు నేర్చుకున్న మగ్గం వర్క్ అంటే నాకు ప్రాణం. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి చేసిచ్చిన బ్లౌజు చూసి చుట్టాలందరూ అడగడం మొదలుపెట్టారు. ఒక్కరూ డబ్బు మాటెత్తరు, పూసలూ జరీ కూడా నావే. ఇప్పుడు తోటికోడలి చెల్లెలి పెళ్ళికి నాలుగు బ్లౌజులు వచ్చి పడ్డాయి. కూలి అడుగుతానంటే మా ఆయన 'మనవాళ్ళ దగ్గర డబ్బులేంటి, పరువు పోతుంది' అంటారు. అత్తయ్యగారు 'ఇంట్లో కూర్చుని చేసేదేగా' అంటారు. రాత్రిళ్ళు కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. మగ్గం ఎవరికైనా ఇచ్చేద్దామనిపిస్తోంది.

జవాబు: మగ్గం ఇచ్చేయకండి. ముందు చేతి సంగతి చూడండి. తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలులో ఎక్కువగా ఉండి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. దాన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు వంచి గంటల తరబడి ఒకే పని చేసేవాళ్ళకి వస్తుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నా రావచ్చు కాబట్టి డాక్టరు ఆ పరీక్షలు కూడా రాయవచ్చు. మొదట్లోనే పట్టుకుంటే, రాత్రిపూట మణికట్టుకి పట్టీ వేసుకుని పని తగ్గించుకుంటే చాలామందికి నెమ్మదిస్తుంది. అశ్రద్ధ చేస్తే బొటనవేలి మొదట్లో కండ తగ్గిపోయి సూది పట్టే తప్పుతుంది. పెళ్ళయ్యాక చూద్దాంలే అనుకోవద్దు, ఈ వారమే వెళ్ళండి.

ఇక మీ ఆయన మాట. ఆయనకి మీ పని మీద చిన్నచూపు ఉందని నాకు అనిపించలేదు. అయినవాళ్ళ ముందు చెయ్యి చాచినట్టవుతుందని భయం. ఆ భయాన్ని కొట్టిపారేస్తే మీ ఇద్దరికీ మాటా మాటా పెరగడమే మిగులుతుంది. కానీ మన ఇళ్ళల్లో పెట్టుపోతలకి లెక్క లేదంటారా? పెళ్ళిలో ఎవరు ఏం చదివించారో పుస్తకంలో రాస్తారు. వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూసుకుంటారు. మీరు రాత్రిళ్ళు మేలుకుని చేసిన బ్లౌజు ఏ పుస్తకంలోకి ఎక్కింది? ఓణీల ఫంక్షన్‌కి ఆ బ్లౌజు ఇచ్చాక కూడా మీ ఇంటి తరఫున పట్టుబట్టలో, కవరో విడిగా పెట్టే ఉంటారు. నాకు తప్పనిపించేది ఇక్కడే. కూలి రాకపోవడం కన్నా, మీ పని అసలు లెక్కలోకే రాకపోవడం మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తోందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

అందుకని, డాక్టరు ఒప్పుకుంటే, పెళ్ళికూతురి ముహూర్తం బ్లౌజు ఒక్కటే మీరు చేయండి. అదే మీ దంపతుల కానుక. ఇంక వేరే చీరా కవరూ వద్దు. ఇచ్చేటప్పుడు 'ఇది మా కానుక' అని మీ ఆయనే నలుగురిలో చెప్పాలి. ఆయన కోరుకున్న పరువూ అందులోనే ఉంది. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అనాలంటే ముందు ఒక పని చేయించండి. అదే డిజైన్‌కి ఎంతవుతుందో మీ దగ్గర్లోని బొటీక్‌లో కనుక్కురమ్మని ఆయన్నే పంపండి. నిండు వర్క్ ఉన్న పెళ్ళి బ్లౌజుకి ఈ ఊళ్ళో వేలల్లోనే చెబుతారు. ఒక సాయంత్రం మగ్గం పక్కన కూర్చోబెట్టుకోండి. పైన కుడిచేత్తో ఆరీ సూది దించుతూ, బట్ట కింద ఎడమచేత్తో దారం అందిస్తూ, పూసా పూసా కూర్చుకుంటూ పోతే గంటకి ఎంత పని తెమిలిందో ఆయన కళ్ళారా చూడాలి.

మిగతా మూడు బ్లౌజులూ ఇప్పుడే తిరిగిచ్చేస్తే వాళ్ళు వేరేచోట చేయించుకోవడానికి టైముంటుంది. తోటికోడలికి మెసేజ్ పెట్టకండి, దాన్ని నలుగురూ నాలుగు రకాలుగా చదువుతారు. ఎదురుగా చెప్పండి: 'అక్కా, చెయ్యి బాగోలేదు. చెల్లి ముహూర్తం బ్లౌజు మాత్రం నేనే చేస్తాను, అది మా కానుక. ఇవి మాత్రం నావల్ల కాదు.' అంతే. సంజాయిషీ ఎక్కువైతే బేరం మొదలవుతుంది. ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉండవచ్చు, ఉండనివ్వండి.

ఇకమీదట అడిగేవాళ్ళకి ఒకటే మాట: పూసలు, జరీ, కుందన్లు బేగంబజారులోనో సికింద్రాబాద్ జనరల్ బజారులోనో వాళ్ళే కొని తెచ్చుకోవాలి, కూలి ఎంతో మీరు ముందే చెబుతారు. సరుకు ఖరీదు తమ చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చాక సగంమంది అడగడమే మానేస్తారు.

అత్తయ్యగారితో వాదం పెట్టుకోకండి. ఆవిడ తరంలో ఆడవాళ్ళు కుట్టిన బొంతల్నీ, వేసిన అల్లికల్నీ ఎవరూ పని అనలేదు. ఆవిడ చేతివి ఏవైనా పెట్టెలో ఉంటే బయటికి తీయించి, ఎలా వేశారో అడగండి. ఆ కబుర్లలో ఆవిడ తీరు కొంత మెత్తబడవచ్చు.

దీన్ని వ్యాపారం చేయమని మీకు సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. మీరు మాత్రం ఉత్తరంలో ఆ మాట ఎత్తలేదు, అందుకని నేనూ తొందరపెట్టను. చేయాలనిపిస్తే దారులు లేకపోలేదు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. మహిళా వ్యాపారుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టిన వీ హబ్ అనే సంస్థ మన ఊళ్ళోనే ఉంది. పెళ్ళి హడావుడి అయి, చెయ్యి కుదుటపడ్డాక మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. వ్యాపారం వద్దనుకుంటే, ఏడాదికి ఎన్ని బ్లౌజులు కానుకగా చేస్తారో మీరే ఒక లెక్క పెట్టుకుని, ఆ లెక్క మీ ఆయనకి కూడా చెప్పి ఉంచండి.